గంట కట్టిన గాలం

ఆదివారం, ఉన్, సూరత్

నువ్వు దొంగవి, అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఇరవై ఏళ్లుగా మరమగ్గాల కార్మికుల కోసం కరపత్రాలు రాస్తున్నానని విర్రవీగుతావు. పక్క గదిలో ఉండే మగ్గం కార్మికుడు మల్లేశాన్ని ఒక్కసారైనా సరిగ్గా చూశావా?

డుమస్ సముద్రతీరంలో చేపలు పట్టడానికి, మడిస్తే టిఫిన్ సంచిలో పట్టే గాలం కర్ర కావాలని ఇవాళ నన్ను దుకాణానికి తీసుకెళ్లాడు. దుకాణదారు కొసకు చిన్న గంట ఉన్నదాన్ని చూపించాడు. చేప పడితే మోగుతుందట. నేను ఊపాను, గణగణమంది.

"గంట ఖరాబున్నదన్నా, మోగుతలేదు," అన్నాడు మల్లేశం.

వేళాకోళమనుకుని నవ్వాను. వాడి చెవి దగ్గర మళ్లీ ఊపాను.

"అరె, ఎంతసేపు ఊపుతవే? గిది వద్దు. కొస మెత్తగున్నది జూడు. చేప గుంజితే చేతికే తెలుస్తది."

వాడు పెదాలు చూసి నా మాటలు పోల్చుకుంటున్నాడని అప్పుడు గాని తట్టలేదు. ఎప్పటి నుంచి వినపడట్లేదని అడిగాను.

"ఏమో. కార్ఖానల అందరం గంతేనాయె, సైగలతోటే నడుస్తది. నువ్వు మాత్రం ఎవ్వలకు చెప్పకు. సేఠ్‌కు తెలిస్తే తీసేస్తడు."

మెత్తటి కొస ఉన్నదే కొన్నాడు. దారంతా సంబరంగా మాట్లాడాడు. నేను కూలి రేట్ల మీద అన్ని కరపత్రాలు రాశాను, చెవులు పోగొట్టే మగ్గాల మోత మీద ఒక్క వాక్యం రాయలేదు.

రేపటి కరపత్రంలో వాడి పేరు ఉండదు. ఇవి ఉంటాయి:

ఏటా అందరికీ చెవుల పరీక్ష.
యజమాని ఖర్చుతో చెవులకు తొడుగులు.
వినికిడి పోయినవాళ్లకు పరిహారం.
వినపడదని ఎవరినీ పనిలోంచి తీసెయ్యకూడదు.