ఇంజనుకి పసుపు నీళ్లు

శుక్రవారం, రాత్రి

కారు మాకే మిగిలింది. నా వల్లే. రాసుకోవడానికీ సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

శుక్రవారం చీపురుపల్లి బయల్దేరితే చాలు, మా పాత కారు కుదుపులు మొదలుపెడుతుంది. మర్నాడు మెకానిక్ దగ్గర మాత్రం బుద్ధిగా నడుస్తుంది. నాన్న విసిగి అమ్మేస్తానన్నారు. నలుగురిలో మాట రాని నాకు ధైర్యంగా నోరు పెగిలేది ఆ స్టీరింగ్ దగ్గరే.

పొద్దున నాన్న ఎప్పటిలాగే శుక్రవారం పూజ చేసి, బానెట్ ఎత్తి పసుపు నీళ్లు చల్లారు. అప్పుడు తట్టింది నాకు. ఇంజను తడి లేకుండా తుడిచి స్టార్ట్ చేస్తే చక్కగా నడిచింది. ఇంతలో మెకానిక్ కొనేవాళ్లని తీసుకొచ్చాడు. వాళ్ల ముందే ప్లగ్ వైర్ల మీద చెంబుతో నీళ్లు చిలకరించాను.

"ఒసే, మతి పోనాదేటే? ఇంజను మీద నీళ్లేటి!"

"ప్రతి వారం మీరు చేసేదే, నాన్నా."

ఇంజను కుదిపింది. మెకానిక్ వంగి చూశాడు. "పాప సెప్పింది నిజమే బాబూ. వైరు పగిలున్నాది. తడిస్తే కరెంటు బయటికి పోతన్నాది."

కుదుపు చూసి కొనేవాళ్లు వెళ్లిపోయారు. కొత్త వైరు పడింది. ఆ వైరు ఎన్నాళ్లుంటుందో...

"మరి వచ్చే శుక్రవారం నీళ్లెక్కడ సల్లమంటావే?" అన్నారు నాన్న, చెంబు పట్టుకుని.

"టైర్లకి," అన్నాను. మెకానిక్ ముందే, గట్టిగా.