ఆయనకు ఎడమవైపు

మరిదికి వదిన రాస్తున్నది.

నువ్వు చూడటానికి వచ్చి పలకరించినా మీ అన్నయ్య మొహం తిప్పుకున్నారని అందరి దగ్గరా టాంటాం వేస్తున్నావట. ఫోన్లో చెప్పబోతే "సాకులు చెప్పకు వదినా" అని పెట్టేశావు. ఇప్పుడైనా విను. పక్షవాతం వచ్చాక ఆయన మెదడు ఎడమవైపు ఉన్నదేదీ పట్టించుకోవడం లేదు. కళ్లు బాగానే ఉన్నాయని డాక్టరే చెప్పాడు. కంచంలో ఎడమ సగం అలాగే వదిలేసి, "ఇంతేనా పెట్టేది?" అని నామీద విసుక్కుంటారు. ఇన్నాళ్లూ సెలూన్ నడిపిన మనిషి, నిన్న సగం గడ్డమే గీసుకుని "నున్నగా వచ్చింది" అని మురిసిపోయారు.

ఆ రోజు నువ్వు కూర్చున్నది ఆయనకు ఎడమవైపు.

పెళ్లైనప్పటి నుంచి నేనూ అటే పడుకునేదాన్ని. ఇప్పుడు అటునుంచి పిలిస్తే, నాకోసం కుడివైపు గోడకేసి చూస్తున్నారు. చేసేది లేక ఇటు మారాను. నువ్వు ఒక్క కుర్చీ జరుపుకోలేవా?

మీ వదిన