పార్సెల్ తాడు

పెద్దత్తయ్యా,

క్షేమసమాచారాలతో మొదలుపెడితే "అసలు సంగతి చెప్పవే" అంటారు. చెబుతున్నాను.

నాయనమ్మ పుట్టిల్లు వెతకడం ఇక నావల్ల కాదన్నాను కదా. ఏ ఆఫీసులో అడిగినా ఆమె ఫలానావారి భార్యే, ఎవరి కూతురో ఎక్కడా లేదు. పుట్టింటి మాటెత్తితే ఆవిడ లేచి వెళ్లిపోయేదని మీరూ చేతులెత్తేశారు.

మొన్న మీరు పంపిన నాయనమ్మ ఫొటో పార్సెల్ అందింది. తాడు ముడి ఎంత పీకినా ఊడలేదు. మా వీధి చివర వలలు బాగుచేసే తాతగారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదెవరు వేశారమ్మా? ఇలా కొస వెనక్కి దూర్చడం మా ఇంటి ఆడవాళ్లకే వచ్చు. మగాళ్లకి నేర్పరు" అన్నారు. వాళ్ల పెద్దమ్మ పెద్దలనెదిరించి పెళ్లి చేసుకుని వెళ్లిపోయిందట. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆమె ఊసెత్తలేదట.

అత్తయ్యా, ఆ ముడి మీకు నేర్పింది నాయనమ్మేనా? మామయ్యనడక్కండి, ఆయనకి అన్నీ గుర్తే, ఒక్కటీ నిజం కాదు.

ఫొటో నేనింకా చూడలేదు. కత్తెర తీస్తే తాతగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"కొయ్యకు తల్లీ, వేసినావిడనే రమ్మను" అంటున్నారు.

మీ మేనకోడలు