వదిలేయడం, వదులుకోవడం

జూన్ 12, బుధవారం

పిన్నికి,

ఈరోజు పొద్దున్నే మా కొత్త బోరులో నీళ్లు పడ్డాయి! నాన్న చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి, దోసిలి పట్టి తాగి, అలాగే ఆగిపోయారు.

"కొంచెం ఉప్పగా ఉన్నాయి, అంతే" అన్నారు.

"కొంచెం ఉప్పగా ఉండటానికి అదేమైనా కూరా?" అంది అమ్మ.

నాన్న ఉద్యోగం మానేసి, మన తిండి మనమే పండించుకుందామని ఈ పొలానికి తీసుకొచ్చి రెండేళ్లయింది కదా. పాత బోరు ఎండిపోయింది, కూరగాయల మడులు మాడిపోయాయి, మేకల్ని అమ్మేశాం. ఈ బోరే చివరి ఆశ.

"ఇక వదిలేసి వెళ్దామండీ" అంది అమ్మ.

నాన్న ముఖం చూడలేకపోయాను. నా నోరు ఊరుకోలేదు. "వదిలేయడం కాదమ్మా, వదులుకోవడం. అక్కర్లేనిదాన్ని వదిలేస్తాం. మనదైనదాన్ని వదులుకుంటాం" అన్నాను.

అమ్మ తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. మధ్యాహ్నం అన్నం దగ్గర నాన్నే, "నీళ్లు పనికిరావని పరీక్షలో తేలితే వదులుకుందాం" అన్నారు. ఆ మాట ఆయన నోటికి అందించింది నేనేనని అప్పటినుంచీ ఒకటే గుబులు. నేను తప్పు చేశానా పిన్నీ?

మీ మేడమీది గది ఇంకా ఖాళీగానే ఉందా? నేను అడిగానని నాన్నకు మాత్రం చెప్పకు.

రేపు పొద్దున మొదటి బస్సుకు నాన్నా నేనూ ఆ నీళ్లు పరీక్షకు పట్టుకెళ్తున్నాం. నాన్న ఇప్పటికే పాత ఊరగాయ సీసాను మూడుసార్లు కడిగి బోర్లించారు. ఉన్న ఉప్పు చాలు, సీసాది కూడా కలవకూడదట.

నీ మాటలపుట్ట