చీటీలు ఊడదీశాను, అక్కా

సుగుణక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నేలకొండపల్లిలో మన మ్యూజియం గది ఇంకా కురుస్తూనే ఉంది. నిన్న ఖమ్మం నుంచి ఒకాయన వచ్చి, పైకప్పు తానే వేయిస్తానన్నాడు. అయితే ఒక్క బొమ్మ మొహమూ చూడలేదు. ప్రతిదాన్నీ తిరగేసి, అది ఏ చేనులో దొరికిందో నువ్వు రాసి అంటించిన చీటీనే చదివాడు.

"గీ చేన్లు నాకు చూపెడ్తరా మేడం?"

"నాకెరుక లేదు సార్. అక్కకే తెల్సు."

"సోమవారం మల్లొస్త."

ఆయన బూట్లకు అప్పటికే తడిమట్టి ఉంది. గుప్తనిధులు తవ్వేవాళ్ళు ఇలాగే వస్తారని నువ్వే చెప్పేదానివి.

పొద్దున ఆ చేల పేర్లన్నీ నోట్‌బుక్కులో ఎక్కించి ఇంట్లో దాచాను. తర్వాత చీటీలను తడిపి ఊడదీశాను. నీ చేతిరాత ఒక్కటీ మిగల్లేదు. ఆయన మంచివాడే అయితే నన్ను క్షమించు.

మబ్బు పట్టింది. గదిలో గిన్నెలు పరిచి వచ్చాను.