పాదాలకు సున్నా మార్కులు

భవానీపురం,
జూన్ 9

చి. జయదేవ్‌కు ఆశీస్సులు.

ఆ రోజు ఏం జరిగిందని పదకొండో రోజున అడిగావు. వచ్చినవాళ్ల భోజనాలు చూడ్డానికి లేచిపోయాను. అందుకే రాస్తున్నాను.

మీ అక్క ఆరింటికి లేచింది. కాఫీ తాగింది. ఎనిమిదింటికి డాబా మీద బట్టలు ఆరేసి దిగుతుంటే కుడి పాదం మెట్టు అంచుకు తగిలింది. పద్నాలుగు మెట్లు. తలకు దెబ్బ. మధ్యాహ్నం రెండున్నరకు ఆసుపత్రిలో పోయింది. అంతే.

పాదం సరిగా పైకి లేవకపోవడం మీ నాన్నగారి వైపు నుంచి వస్తున్న నరాల జబ్బు. నీకూ ఉంది. చూపించుకోమని మీ అక్క ఆరేళ్లు చెప్పింది. ఆమెను చూసిన డాక్టరుగారి దగ్గర నుంచి ప్రశ్నల కాగితం తెచ్చాను. నెల రోజులుగా పాదాల వల్ల పడిన ఇబ్బంది రాయాలి. మార్కులు వేసి, కాళ్లు చూసి, పాదం వాలిపోకుండా పట్టి ఉంచే పట్టీ ఏది కావాలో చెబుతారు. నింపి పంపు.

ఉంటాను,
శేషగిరిరావు

తా.క. మార్కులు ఎక్కువొస్తే ఇబ్బంది ఎక్కువని. ఫస్టు రావాలని చూడకు.


మంగళగిరి,
జూన్ 14

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం కొట్లో చదవలేక ఇంటికి తెచ్చుకున్నాను. తిట్టకుండా అక్క ఏనాడూ ఫోను పెట్టేయలేదు. ఇప్పుడు తిట్టేవాళ్లు లేరు.

కాగితం నింపాను. ఆ చిన్న గళ్లలో రాయడానికి నా వేళ్లకు పెన్ను ఆనడం లేదు, నేను చెబుతుంటే మా పిల్ల అనఘ రాసింది. ఎనిమిదో క్లాసుకొచ్చాక దాని దస్తూరీ బాగుపడింది.

చాలాసేపు నిలబడటం కష్టమా? లేదు. చీరల కొట్లో పరుపు మీద కూర్చునే ఉంటాను.
దూరం నడవడం మానేశారా? లేదు. నడిస్తే కదా మానేది. స్కూటరుంది.
మెట్లు? ఇబ్బంది లేదు. మేడ మీద స్టాకు గుమాస్తా బసవయ్య తెస్తాడు.
చెప్పులు నొప్పి పెడతాయా? లేదు. కొట్లో చెప్పులు వేసుకోం.
పాదాల వల్ల విసుగు? లేదు. విసుగంతా కొనేవాళ్ల వల్లే.

మొత్తం సున్నా.

ఇట్లు, ఆరోగ్యవంతుడు
జయదేవ్

తా.క. పాత ఖాతాదారులు వస్తే లేచి గుమ్మం దాకా సాగనంపడం మానేశాను. గర్వమనుకుంటున్నారు. అనుకోనివ్వండి.


భవానీపురం,
జూన్ 18

చి. జయదేవ్‌కు ఆశీస్సులు.

డాక్టరుగారు నీ కాగితం చూసి, "ఈయన మంచం మీదున్నారా?" అని అడిగారు. చేయగలవా అని అడిగితే చేయనని రాశావు. స్కూటరు లేదు, బసవయ్య లేడు అనుకుని మళ్లీ రాయి.

శేషగిరిరావు

తా.క. డాక్టరుగారి దగ్గర మడమల మీద పదడుగులు నడవమంటారు. ఇంట్లో నడిచి చూశాను. వచ్చింది. మీ అక్కకు రాదని పాత కాగితంలో ఉంది. ముప్ఫై ఒక్కేళ్ల కాపురంలో ఆ సంగతి నాకు తెలియదు.


మంగళగిరి,
జూన్ 23

బావగారికి నమస్కారాలు.

"నువ్వు లేవనుకోమన్నారు మా బావగారు" అని బసవయ్యతో అన్నాను. తీసేస్తున్నారా అని ఒక్క మాట అడిగి, నిజంగానే వెళ్లిపోయాడు.

పెళ్లివారు చీరలకొచ్చారు. స్టాకు మేడ మీద. చేతులు ఆనించుకుంటూ ఎక్కాను, దిగలేకపోయాను. కింద కొట్లో ఉన్న అనఘను పిలిచాను. అది మోకాలి మీద చెయ్యేసి, పాదం టపటపమని ఆనిస్తూ ఎక్కి వచ్చింది. అచ్చం అక్క. నేనెప్పుడూ కూర్చునే ఉంటాను, అది మెట్లెక్కడం ఎప్పుడు చూశాను?

అక్కడే కూర్చోబెట్టి అవే ప్రశ్నలు అడిగాను.
"దూరం నడుస్తావా?"
"ఆటో ఉందిగా."
"ఆటలు?"
"స్కోరు నేనే రాస్తా."
"బూట్లు?"
"చెప్పులే నయం."
పాదాలు దగ్గరికి లాక్కుని, "నాకూ సున్నానే నాన్నా. ఆ రోజు నువ్వు చెబుతుంటేనే లెక్క చూసుకున్నా" అంది.

ఏం చేయాలో చెప్పండి.

జయదేవ్

తా.క. నువ్వు ఉన్నావయ్యా అని చెప్పి బసవయ్యను వెనక్కి రప్పించాను. ఈ ఉత్తరం అతనే తెస్తున్నాడు.


భవానీపురం,
జూన్ 23, సాయంత్రం

చి. జయదేవ్‌కు ఆశీస్సులు.

బసవయ్యను కూర్చోబెట్టి ఇది రాస్తున్నాను. డాక్టరుగారితో మాట్లాడాను. రేపు పదింటికి ఇద్దరినీ చూస్తారు. ముందు అనఘను. చిన్న వయసులో పట్టీ వేస్తే పడిపోవడం తగ్గుతుందట.

మీ అక్క నీకు చెప్పినప్పుడల్లా నేను పక్కనే పేపరు చదువుతున్నాను. ఒక్కసారీ మాట కలపలేదు.

శేషగిరిరావు

తా.క. రేపు పొద్దున ఏడింటికి కారు తీసుకుని వస్తాను. వీధిలో హారన్ కొట్టను. లోపలికి వచ్చి, అనఘ చెయ్యి పట్టుకుని గుమ్మం దింపి తీసుకెళతాను.