హుస్సేన్ బాషా గదిలో పొగ రాలేదు

శ్రీమతి ఖైరున్నీసా గారికి, మురుగునీటి విభాగం ఇంజనీరు కృపాకర్ నమస్కరించి రాయునది.

మీ పాతపట్నం వీధిలో మురుగు గొట్టాలు ఎక్కడ పగిలాయో తెలుసుకోవడానికి బుధవారం మ్యాన్‌హోల్‌లోకి పొగ ఊదాము. మీ వంటింటి గోడ పగుల్లోంచి పొగ వచ్చిందని మా సిబ్బందిలోని నూకాలు చూసి చెప్పింది. అక్కడ గొట్టం మార్పించుకోగలరు. ఆ పొగతో ప్రమాదమేమీ లేదు.

ఇట్లు,
కృపాకర్

తా.క. ఇల్లు అంటుకుందనుకుని మీరు నూకాలు మీద బిందెడు నీళ్లు కుమ్మరించారట. పాపం, ఆమెకు జలుబు చేసింది.

---

ఇంజనీరు బాబుకు ఖైరున్నీసా సలాములు.

ఫోన్ చేస్తే మీ ఆఫీసులో పాట మోగుతుంది గాని మనిషి పలకడు. అందుకే ఈ ఉత్తరం. మీ పొగ నా వంటింట్లో వచ్చింది, స్నానాల గదిలో వచ్చింది, పక్కింటి ఫ్లోరెన్స్ గారి పూలకుండీల మధ్య కూడా వచ్చింది. మా ఆయన హుస్సేన్ బాషా గదిలో మాత్రం రాలేదు. మూలన కాళ్లు కడుక్కునే తూము ఉన్నా రాలేదు.

ఆయన పోయి ఏడాది. తాళంచెవి నా కొంగునే ఉంది, ఇంకెవరినీ అడుగు పెట్టనివ్వలేదు. ద్వారకా నగర్ కోచింగ్ పిల్లలకు ఆ గది అద్దెకిద్దామని మా అబ్బాయి తారిఖ్ ఒకటే పోరు. "అబ్బా పోయి ఏడాదైపోనాది. ఉత్త గదికి తాళమేటమ్మీ?" అంటాడు. ఆ గది ఇచ్చేస్తే ఆయన నిజంగానే పోయినట్టు. నేను తట్టుకోలేను. ఆ గదిని ముట్టుకోకూడదని మీరొక కాగితం రాసివ్వండి, వాడి మొహాన కొడతాను.

మీ
ఖైరున్నీసా

తా.క. నూకాలుకు మిరియాల కషాయం పంపాను. డబ్బా తిరిగి పంపమనండి.

---

ఖైరున్నీసా గారికి నమస్కారాలు.

కాగితం ఇవ్వలేను. పైగా ఆ గది సంగతి నన్ను పట్టుకుని వదలడం లేదు. తూము కింద వంపు గొట్టం ఉంటుంది. అందులో నిలిచే నీళ్లే పొగను ఆపుతాయి. కొన్నాళ్లు ఎవరూ నీళ్లు పోయకపోతే అది ఎండిపోతుంది. కాబట్టి మీ ఆయన గదిలో అన్నిటికంటే ముందు పొగ రావాలి. గొట్టం పూడిపోయిందేమోనని వీధిలోంచి కెమెరా పంపి చూశాను. దారి శుభ్రంగా ఉంది. వంపులో నీళ్లున్నాయి, తేటగా.

ఆ తూములో నీళ్లు వాడుతున్నది ఎవరు?

కృపాకర్

తా.క. మేము ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లం, ఇలాంటివి నమ్మం. ఊరికే అడుగుతున్నాను.

---

బాబుకు సలాములు.

బతికున్నవాళ్లు ఎవరూ వాడటం లేదు.

మీ ఉత్తరం తారిఖ్ చదివాడు. ముందు పగలబడి నవ్వాడు. మర్నాడు తెల్లవారుజామున, ఆటోనగర్ షెడ్డుకు బయలుదేరబోతూ, ఆ తలుపుకు చెవి ఆనించాడు. చాలాసేపు కదల్లేదు. "లోపల నీళ్ల సప్పుడు ఇనపడతందమ్మీ," అన్నాడు.

నాకేం కొత్త? తెల్లవారి ఫజర్ అజాన్‌కు ముందు రోజూ వినిపించేదే. ముందు చేతులకు, తర్వాత నోటికి, ముఖానికి, ఆఖర్న కాళ్లకు. ఆయన నీళ్లు ఎప్పుడూ పారబోసేవారు కాదు.

ఖైరున్నీసా

తా.క. తారిఖ్ ఆ రోజునుంచి దువ్వాడలో అత్తారింట్లోనే ఉంటున్నాడు. అద్దె మాట ఎత్తడం లేదు.

---

అమ్మా,

శనివారం ఆ గది తెరిచి చూడక తప్పదు. నూకాలును రమ్మంటే, "నాను రాను సార్. కావాలంతే మీరెల్లండి," అంది. నేనొక్కణ్నే వస్తాను. ఈలోగా ఒక్క మాట రాయండి. లోపల కుళాయి కారుతోంది, అంతే కదా?

మీ
కృపాకర్

తా.క. పగటిపూటే వస్తాను.

---

కృపాకర్ బాబుకు దీవెనలు.

రానక్కర్లేదు నాయనా. ఆ గదికి కుళాయే లేదు. ఆయన పోయాక నెల తిరక్కుండానే తారిఖ్ ఆ లైను తీయించేశాడు. మరి నమాజుకు ముందు ఆయన కాళ్లూ చేతులూ ఎలా కడుక్కుంటారు? అందుకే రోజూ సాయంత్రం నేనే తాళం తీసి, ఆయన వజూ లోటా నిండా నింపి గడప లోపల పెట్టి, మళ్లీ తాళం వేస్తాను. పెళ్లైన నాటి అలవాటు. తూము వైపు నేను వెళ్లను, అందులో చుక్క కూడా పోయలేదు. మర్నాడు తీసేసరికి లోటా ఖాళీగా ఉంటుంది. ఇంత చిన్నదానికి మీరు బెంగపెట్టుకున్నారా?

ఖైరున్నీసా

తా.క. లోటాకు చిల్లు ఉందేమోనని మీకు అనుమానం రావచ్చు. ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను, నీళ్లు పోసి చూసుకోండి. సాయంత్రంలోగా తిరిగి పంపించండి. ఆయనకు కావాలి.